ముందు పంట

గుడ్డసంచి విప్పగానే తెలిసిపోతుంది
ఏ ఊరి మన్నో.
పద్దెనిమిదేళ్ళుగా గుంటూరులో, ఈ గదిలో,
మట్టి జల్లిస్తున్నాను.
ప్రత్తిపాడు వైపుదైతే గోళ్ళని వదలదు,
కొండవారది జొన్నరవ్వలా గరగరా రాలుతుంది.
రెండు వేళ్ళతో నలిపితే చాలు,
ఏడాదంతా ఏం తాగిందో చెప్పేస్తుంది.

ఆరోగ్యమ్మ తెచ్చిన సంచి మాత్రం
మూడు రంగుల్లో ఉంది.
పైన ఎర్ర గ్రావెల్,
మధ్యలో క్రషర్ బూడిద,
అడుగున, ఎవరో తరిమితే దాక్కున్నట్టు,
గుప్పెడు నల్లరేగడి.

"ఇట్టా తియ్యకూడదమ్మా.
జానెడు లోతు గుంట తవ్వి,
ఎనిమిది చోట్లది కలిపి, నాలుగు పాళ్ళు చేసి,
ఎదురెదురు పాళ్ళు రెండూ పారేసి..."
"నాకు తెలవదా అమ్మాయ్.
పారెయ్యటానికి ఎదురుపాళ్ళు ఏయి?
అటు ముప్పై అడుగుల రోడ్డు, ఇటు ఆర్చి."

కార్డు మీద గళ్ళు నింపాలి.
పేరు రాశాను. ఊరు, ఫిరంగిపురం అవతల.
సర్వే నంబరు అడిగితే ప్లాటు నంబరు చెప్పింది.
తనది కాదు.
అమ్మేసిన రెండెకరాల్లోనే ఇప్పుడు
నెలజీతానికి మొక్కలకు నీళ్ళు పోస్తోంది.
ఆర్చి పక్క అశోకమొక్కలు వరసగా మాడిపోతున్నాయి,
జీతంలో కోస్తానన్నాడట మేనేజరు.

ముందు పంట?
ఆ గడి దగ్గర అందరూ ఒక్క మాటే చెబుతారు.
ఆమె బొటనవేలు మడిచింది.
"మా అత్త నాడు పచ్చజొన్న, సాళ్ళ మధ్యన కంది.
చొప్ప గొడ్లకి, గొడ్లది మళ్ళీ చేలోకి.
తర్వాత పత్తి. పురుగు, మందు, మళ్ళీ పురుగు.
తర్వాత మిరప, దానికోసం బోరు.
మూడొందల అడుగుల్లో తియ్యగా పడ్డాయి నీళ్ళు.
ఏడొందలకి పోయేసరికి
ఆ నీళ్ళతో కాస్తే పాలు విరిగిపోయేయి.
దాని మీదట సుబాబుల్. కాపలా అక్కర్లేదని
మావాళ్ళు ఆటో కొన్నారు.
ఇంక ఆ మీదట..."
చిటికెనవేలు మడవలేదు.
"రాళ్ళు. తెల్లయి. బాగా మొలిచినయ్."

నవ్వింది.
గడి చిన్నది, నేను పెన్ను పట్టుకునే ఉన్నాను.

నల్లరేగడి సంగతి చదివిందే,
పరీక్షలో రాసి పాసయిందే.
ఆమె చెప్పాక గాని కళ్ళకి కట్టలేదు:
ఎండల్లో చేను నెర్రెలు విచ్చేది,
వాళ్ళత్త గాజు ఒకటి చిట్లి అందులో పడి
చెయ్యి మోచేతిదాకా పెట్టినా అందలేదట.
రాలిన కందాకు, మేకల పెంటికలు, గాలి,
అన్నీ ఆ నోళ్ళలోకే.
తొలకరికి ఉబ్బి, నోరు మూసుకుని,
లోపల్లోపలే అంతా కలిపేసుకునేది.
నాగలి లేకపోయినా
తనని తానే దున్నుకునే మన్ను.

దాని మీద రెండడుగులు గ్రావెల్ పోసి
రోలరు తిప్పారు.

ఇప్పుడు వాన పడితే నేల తాగదు.
రోడ్డెంట ఎర్రగా పరిగెత్తి
కింద మస్తాన్‌వలి కల్లంలో మడుగు కడుతుంది.
మార్చిలో అదే దుమ్మై
ఆరబోసిన కాయల మీద వాలుతుంది.
యార్డులో కొనేవాడు ఒక కాయని బొటనవేలితో రుద్ది
ఏమీ అనడు. ధర మాత్రం దించుతాడు.

సాయంత్రానికి అంకెలు వచ్చాయి.
ఉప్పు ఎక్కువ.
కర్బనం, ఉందా అంటే ఉంది.
సిఫారసు గడికి ఒకటే రబ్బరు స్టాంపు మా దగ్గర:
జీలుగ చల్లి పూతకి ముందు కలియదున్నవలెను.
కొట్టాను.
ప్లాటు నంబరు నలభై ఒకటి,
కలియదున్నవలెను.

బస్సుకి టైమైందని లేచి, గుమ్మం దగ్గర ఆగి,
"అడుగున నల్లది మిగిలితే పారెయ్యమాక.
సోమారం వస్తా" అంది.
ఎందుకని అడగలేదు.

అందరూ వెళ్ళాక జల్లెడ దులిపాను.
కంకరపలుకులు, గుట్కా కవరు మూల,
తెల్ల పెయింటు పెచ్చు.
ట్యూబులైటు కిందికి జరిపి
ఒక్కో రవ్వా పక్కకి నెట్టుకుంటూ
గాజుముక్క కోసం చాలాసేపు చూశాను.